మూడు శాఖల ముద్దాయి

శాస్త్ర ప్రపంచంలో క్రమశిక్షణ నానాటికీ సన్నగిల్లుతోంది. కావాలంటే మన శాస్త్రవేత్త ఒకావిడ బయోడేటా తిరగేయండి. పీహెచ్‌డీ పునరుత్పత్తి హార్మోన్ల మీద. నడివయసు పోషకాహారం మీద. జుట్టు నెరిసే వేళకు ఎలక్ట్రోకెమిస్ట్రీ, అంటే విద్యుత్తుకూ రసాయన చర్యలకూ ఉన్న చుట్టరికం! రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లనే పెద్దలు క్షమించలేదు. ఈవిడ మూడో పడవ కూడా ఎక్కింది.

పదోన్నతి కమిటీ అవస్థ కాస్త ఆలోచించండి. దరఖాస్తులో 'ప్రత్యేక రంగం' అనే గడి ఒక్కటే ఉంటుంది. హార్మోన్లవాళ్లు ఆవిడ పేపర్లు చూసి "ఇది వంటింటి వ్యవహారం" అంటారు. పోషకాహారంవాళ్లు "ఇవేవో తీగలు" అంటారు. ఎలక్ట్రోకెమిస్ట్రీవాళ్లు రక్తం అనే మాట కనపడగానే పేజీ తిప్పేస్తారు. ఆవిడ మాత్రం తాను ఏ శాఖా మారలేదనీ, మొదటి ప్రశ్న వెంటే నడిచాననీ వాదిస్తుంది. దారి తప్పిన ప్రతివాళ్లూ ఇదే అంటారు.

అసలు దోషం శరీరంలోనే ఉందని ఒప్పుకోవాలి. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. ఎందరో స్త్రీలకు నెలసరి ఆగింది, తొమ్మిది నెలల తర్వాత కరువు ప్రాంతంలో జననాలు దాదాపు సగానికి పడిపోయాయి. తిండి తగ్గితే పోషకాహార శాఖకు చెప్పుకోవాలి గానీ మెదడులోని హైపోథాలమస్ అండాశయాలకు పంపే సంకేతాలను తగ్గించడమేమిటి? ఇక కొవ్వు సంగతి. దానికి అప్పగించిన పని శక్తిని దాచుకుని పడి ఉండటం. అది లెప్టిన్ అనే హార్మోన్ తయారుచేసి మెదడుకు నిల్వల లెక్కలు పంపుతోందని 1994లో బయటపడింది. హార్మోన్ల శాఖ అనుమతి ఎవరిచ్చారో ఇప్పటికీ ఫైల్లో లేదు.

కొలతల దగ్గర మరీ అన్యాయం. రక్తంలో ఈస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోన్‌ను పికోగ్రాముల్లో లెక్కిస్తారు, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఇంత అల్పమైనవాటిని రేడియోధార్మికతతో కొలిచే దారి వేసినవాళ్లలో రోజలిన్ యాలో ఒకరు. చదివింది భౌతికశాస్త్రం, 1977లో పట్టుకెళ్లింది వైద్యశాస్త్ర నోబెల్! ఆనాడే గట్టిగా మందలించి ఉంటే ఈ తరం ఇలా తయారయ్యేది కాదు.

ఇప్పుడు చాలా ల్యాబుల్లో ఆ పని ఎలక్ట్రోడ్ చేస్తోంది. హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీకి రుథేనియం అనే లోహం తగిలించి, వోల్టేజీ ఇచ్చి, వచ్చిన వెలుగును లెక్కిస్తారు. ఈ సరంజామాను పరీక్షలో వాడే సూక్ష్మమైన పూసలకు పట్టి ఉంచే జిగురు ఏమిటనుకున్నారు? బయోటిన్. పోషకాహార శాఖకు చెందిన బి-విటమిన్! పెద్దలకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో 10,000 దాకా ఉంటుంది. ఆ మాత్రలు మింగినవాళ్ల రక్తం పరీక్షకు వస్తే, అందులోని బయోటిన్ పూసల మీద చోటు ఆక్రమిస్తుంది. ఈస్ట్రడయోల్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపించొచ్చు. గర్భాన్ని తెలిపే హెచ్‌సీజీ ఉన్నదానికంటే తక్కువ కనిపించొచ్చు.

ఇక్కడ ముగ్గురు నిపుణుల ప్రవర్తన ఆదర్శప్రాయం. హార్మోన్ల డాక్టరు రిపోర్టు చదివి హార్మోన్ పెరిగిందన్నారు. పోషకాహార నిపుణులు విటమిన్ లోపం లేదన్నారు. ఎలక్ట్రోడ్ బ్రహ్మాండంగా ఉందని మూడోవారు రాసిచ్చారు. ఎవరి హద్దులో వారు సత్యమే పలికారు. తప్పు చేసింది పేషెంటు రక్తం ఒక్కటే. అప్పుడు మన ముద్దాయి ఎక్కడినుంచో వచ్చి, "జుట్టుకేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగింది. మూడు శాఖల పరువు ఒక్క ప్రశ్నతో తీసేయడం మర్యాదస్తుల లక్షణమా?

అమెరికా ఎఫ్‌డీఏ కూడా 2017లో బయోటిన్ గురించి హెచ్చరిక జారీచేసింది. ఆహారాన్నీ ఔషధాన్నీ ఒకే కప్పు కింద పెట్టుకున్న సంస్థ నుంచి ఇంతకంటే ఏం ఆశిస్తాం! ఆ తర్వాత కిట్ల తయారీదార్లు చాలా పరీక్షలను బయోటిన్‌ను తట్టుకునేలా మార్చుకున్నారు. విటమిన్‌కు షోకాజ్ నోటీసు ఇస్తే తక్కువ ఖర్చుతో పోయేది.

ముద్దాయిలో మాత్రం పశ్చాత్తాపం లేదు. ఇప్పుడు చెమటలోని హార్మోన్లను చర్మం మీదే కొలిచే పట్టీ మీద పనిచేస్తోందట. చెమట ఏ శాఖ కిందికి వస్తుందో తేల్చడానికి ఉపసంఘం వేయాలనీ, అది నివేదిక ఇచ్చేదాకా ఆవిడ గ్రాంటు ఆపాలనీ కమిటీవారికి నా మనవి.