మైక్రోవేవ్‌లో మహారాజులా తిరిగే ప్లాస్టిక్ డబ్బా గారికి

శ్రీమాన్ డబ్బా గారికి నమస్కారాలు.

మీరు మా ఇంటికి ఎప్పుడు వచ్చారో గుర్తులేదు. నేను కొన్నది తక్కువ, పార్సిల్ వెంట వచ్చి తిష్ట వేసినవారే ఎక్కువ. అల్మరా తలుపు తీస్తే మీ బంధుగణమంతా నెత్తిన పడుతుంది. డబ్బాలు పన్నెండు, మూతలు తొమ్మిది. ఏ మూతా ఏ డబ్బాకీ పట్టదు. అయినా పారేయబుద్ధి కాదు.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం మీ అడుగున ఉన్న 'మైక్రోవేవ్ సేఫ్' అనే మాట గురించి. ఇన్నాళ్లూ అది నాకిచ్చిన హామీ అనుకున్నాను. తీరా చూస్తే అది ప్రధానంగా మీ క్షేమ సమాచారమట! ఓవెన్‌లో పెట్టినా మీరు కరగరు, వంకర పోరు, పగలరు. చాలా సంతోషం. మరి మీలో వేడి చేసింది తినే నా సంగతి?

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ఆ సంగతి కొంత తేల్చారు. పసిపిల్లల ఆహారానికి వాడే ప్లాస్టిక్ డబ్బాల్లో, సంచుల్లో నీళ్లూ పలచటి ఆమ్లమూ పోసి 3 నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టారు. కొన్నిటి నుంచి, చదరపు సెంటీమీటరు మేర నుంచే, 42 లక్షల దాకా మైక్రో రేణువులు, అంటే అతి చిన్న ప్లాస్టిక్ ముక్కలు, 211 కోట్ల దాకా వాటికన్నా చిన్నవైన నానో రేణువులు రాలాయి. మీ ఒంటి మీద ఒక్క గీత కూడా కనపడదు, పంచిపెట్టేది కోట్లలో. ఇంతటి గుప్తదానం నేనెక్కడా చూడలేదు.

ఇక మీ అడుగున త్రికోణంలో ఉండే అంకె. అందులో 5 చూసి, పాసైన డబ్బానే కదా అనుకునేవాణ్ని. అది మార్కు కాదట. ఏ రకం ప్లాస్టిక్కో ఏరేవాళ్లకు తెలియడానికి అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం 1988లో పెట్టుకున్న గుర్తు. 5 అంటే పాలీప్రొపిలీన్. మీలో వేడికి కాస్త ఓర్చుకునేది అదే. పైన చెప్పిన దానకర్ణుల్లో ఉన్నదీ అదే. 7 అంటే 'ఇతరాలు'. బిస్ఫినాల్-ఏ (బీపీఏ) అనే రసాయనంతో చేసే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ ఆ గుంపులోనే దాక్కుంది.

ఈ బిస్ఫినాల్-ఏ గారి జాతకం మరీ ఘనం. అది ఒంట్లో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌లా పనిచేస్తుందని 1930లలోనే తెలుసు. 1950లలో దాంతోనే పాలీకార్బొనేట్ చేశారు, తర్వాత పాలసీసాలూ పోతపోశారు. తెలిసే! యూరప్‌లో దాన్ని పాలసీసాల నుంచి తప్పించింది 2011లో. 2023లో అక్కడి ఆహార భద్రతా సంస్థ, రోజుకి ఇంత దాకా ఫర్వాలేదన్న పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. 20 శాతం కాదండీ, 20,000 రెట్లు. ఈలోగా మీరు 'బీపీఏ ఫ్రీ' అని కొత్త బొట్టు పెట్టుకొచ్చారు. చాలా చోట్ల అన్నని గెంటి, బిస్ఫినాల్-ఎస్ అనే తమ్ముణ్ని కూర్చోబెట్టారు. బుద్ధులు చాలావరకు అన్నవే.

మీ మీద లేనిపోనివి చెప్పను. మీ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయో పూర్తిగా తేలలేదు. మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వు తీయించుకున్న 257 మందిని ఇటలీ వైద్యులు గమనించి, 2024లో ఫలితాలు చెప్పారు. ఆ కొవ్వులో ప్లాస్టిక్ రేణువులు దొరికినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు దాదాపు నాలుగున్నర రెట్లు. చేసింది మీరేనని రుజువు కాలేదు. కాకపోతే సంఘటన స్థలంలో ఉన్నారు.

నా తప్పూ ఉంది. పొయ్యి మీంచి దించింది దించినట్టే మీలో కుమ్మరించాను. పీచుతో బరబరా తోమి గీతలు పెట్టాను. నూనె, పులుపు, వేడి, ఆలస్యం కలిస్తే మీ చెయ్యి ఇంకా పెద్దదవుతుందని తెలియక, నాలుగింటినీ రోజూ కలిపాను. పసుపు రంగు పట్టి, జిడ్డు వదలని ఆ పాత డబ్బాలో ఇక నుంచి మేకులూ గుండీలూ ఉంటాయి. మీకు పెన్షన్ ఇచ్చాననుకోండి.

మీ స్థానంలో నిన్న గాజు గిన్నె తెచ్చాను. ఎంతో గర్వంగా ప్యాకింగ్ విప్పాను. మూత మీరే. ఓవెన్‌లో పెట్టేటప్పుడు మిమ్మల్ని తీసి పక్కన పెట్టి, పింగాణీ పళ్లెం బోర్లిస్తున్నాను. బెంగ పెట్టుకోకండి.

ఇట్లు,
మీ పన్నెండు డబ్బాల యజమాని