తుపాకీ హక్కు అంటే అమెరికా ముచ్చటేనా?

మన వరంగల్‌ల లిబర్టేరియన్ వాదం (మనిషి స్వేచ్ఛే ముఖ్యం, రాజ్యం జోక్యం తగ్గాలనే ఆలోచన) ఒంటబట్టిన పిల్లలు నోరు తెరిస్తే, జనానికి ఆయుధాల హక్కు రాసిన 1791 నాటి అమెరికా రాజ్యాంగ రెండో సవరణే. నా ప్రాణం నాది, దాన్ని కాపాడుకునే సాధనమూ నాదేనన్న మూలసూత్రంతో నాకు పేచీ లేదు. కానీ మన దగ్గర నడిచేది 1959 ఆయుధాల చట్టం. దాన్ని చదివినోళ్లు ఎందరు?

13వ సెక్షన్‌ల పంట రక్షణకు మందు కూరే తుపాకీ, అదే భర్మార్ అడిగినా, ఆత్మరక్షణకు 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న స్మూత్‌బోర్, అంటే గొట్టం లోపల గాడులు లేని తుపాకీ అడిగినా, ఎవరికి కాదనాలో చెప్పే 14వ సెక్షన్ అడ్డురాకుంటే లైసెన్స్ ఇయ్యాల్సిందే అని ఉంది. పిస్టల్‌కైతే సరైన కారణం చూపి అధికారిని ఒప్పించాలె. మనోళ్లు నేరుగా పిస్టల్‌కే దరఖాస్తు పెట్టి, కాదంటే రాజ్యాన్ని తిడతరు.

ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించొద్దని కూడా అదే చట్టం చెప్తది. అయినా ఎవరికి దొరుకుతున్నయ్? పైరవీ ఉన్నోళ్లకు. అసలు పంచాయతీ లైసెన్స్ ఉండుడు కాదు, అధికారి ఇష్టం. ఠాణా రిపోర్టుల 'ప్రాణహాని లేదు' అని ఒక్క లైన్ పడితే ఫైలు అక్కడే పండుకుంటది. నోటితో 'కాదు' అని పంపిస్తే అప్పీలుకు కాగితమే ఉండదు. అందుకే దరఖాస్తుకు రసీదు తీసుకోవాలె, తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా అడగాలె, అప్పుడే 18వ సెక్షన్ కింద అప్పీలు నిలబడుతది. పంట కోసమైతే పట్టాదార్ పాస్‌బుక్కు, పందులు తొక్కిన మక్కచేను ఫోటోలు, అటవీ ఆఫీసుల ఇచ్చిన ఫిర్యాదు నకలు జతచేయండి. తుపాకీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చే హక్కు రాదు, దానికి వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలె. ఈ తిప్పలు పడలేకనే చేను చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నరు, పొద్దున నీళ్లు పెట్టబోయిన పక్కచేను రైతు పోతున్నడు.

ఇగ 'తుపాకులుంటే నిరంకుశుడు భయపడతడు' అనేటోళ్లకు నిజాం కాలం నాటి బైరాన్‌పల్లి ఊరి కథ చెప్పాలె. నాటు తుపాకులు, వడిసెలలతో ఆ ఊరు బురుజు మీంచి రజాకార్లను తిప్పికొట్టింది నిజమే. 1948 ఆగస్టు 27న వాళ్లు ఫిరంగులతో వచ్చిండ్రు, 80 మందికి పైగా చచ్చిపోయిండ్రు. అందుకే నా వాదన రాజ్యంతో యుద్ధానికి కాదు, పోలీసు జీపు వచ్చేలోపటి సమయానికి.

మన ఆయుధాల చట్టానికి 2019ల వచ్చిన సవరణ ఒక్కరికి మూడు తుపాకుల నుంచి రెండుకు తగ్గించింది, లైసెన్స్ గడువును మూడేండ్ల నుంచి ఐదేండ్లకు పెంచింది. మొదటిదానికి మనోళ్లు లొల్లి చేసిండ్రు, రెండోదాన్ని పట్టించుకోలే. ఎన్నికలప్పుడు ఉన్న తుపాకీని ఠాణాల జమ చేయమంటరు గదా, రసీదు మీద తుపాకీ నంబరు, తూటాల లెక్క సరిచూసుకోకుండా బయటికి రాకండి.