బొటనవేలు వదలదు

జనవరి, అమెరికాలో మిల్వాకీ నగరం, బయట మైనస్ పది. ఆరు నెలల వీసా మీద వచ్చిన మామగారు కిటికీలోంచి మంచు చూడడం, ఫోన్లో ఊరి వార్తలు చూడడం రెండూ పూర్తి చేసేశారు. ఇలాంటప్పుడే ఏ అల్లుడైనా పేటలోని పాత బౌలింగ్ హాలు గుర్తు తెచ్చుకుంటాడు. లేన్ అనే చెక్క దారి మీద బరువైన బంతి దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట అది. "బౌలింగా? కాలేజీలో లెగ్ స్పిన్ వేసేవాణ్ణి అల్లుడుగారూ!" అంటారు మామగారు. జరగబోయేదానికి శంకుస్థాపన అదే.

ఈ ఊరికి ఈ ఆటంటే పాత ప్రేమ. 1895లో పుట్టిన, ఈ ఆట నియమాలు చూసే సంఘం అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ దశాబ్దాలపాటు ఇక్కడినుంచే నడిచింది. 1908లో తెరిచిన హాలర్ హౌస్ అనే బార్ కింద నేలమాళిగలో రెండే లేన్లు, పిన్నులు పేర్చేది మనుషులే. మామగారు వెళ్లేది అక్కడికి కాదు. పిన్నులు పేర్చే మెషిన్లు 1950ల్లో వచ్చాక వెలసి, అప్పటినుంచి గోడకి రంగు కూడా మార్చని ఓ పన్నెండు లేన్ల హాలుకి.

ముందు బూట్లు. కౌంటర్లో సైజు అడిగితే "ఎనిమిది" అంటారు. మన ఎనిమిది అమెరికాలో తొమ్మిది. ఇరుకు బూట్లలో కాలు దూర్చి, లేస్ కట్టుకుని, అప్పుడు బాత్రూముకి బయల్దేరతారు. దారంతా జనం బూట్ల నుంచి కరిగిన మంచు. బౌలింగ్ బూటు అడుగు నున్నగా ఉండేది చివరి అడుగులో జారడానికి. తడి తగిలిందా, జారాల్సిన చోట టక్కున పట్టేస్తుంది. కాలు ఆగుతుంది, మనిషి ఆగడు. అందుకే తెలిసినవాళ్లు బూట్లు మార్చుకున్నాక అటూ ఇటూ తిరగరు.

తర్వాత బంతి. మామగారి కన్ను నల్లగా, గంభీరంగా ఉన్న దానిమీదే పడుతుంది. 16 పౌన్లు, అంటే ఏడుంపావు కిలోలు. ఇంతకంటే బరువైనది ఆటలో లేదు. ఒంటి బరువులో పదోవంతు అని ఒక లెక్క ఉంది కానీ అది అలవాటున్నవాళ్లకి. మొదటిసారి ఆడేవాళ్లకి 10, 12 చాలు. పైగా బరువు బంతులకి వేళ్లు దూర్చే కన్నాలు కూడా పెద్దవి. పట్టాల్సింది నడిమి వేలు, ఉంగరపు వేలు, బొటనవేలు. లెగ్ స్పిన్ అలవాటు కొద్దీ ఆయన చూపుడు వేలు దూర్చేస్తారు. వదులు కన్నంలో బొటనవేలు నిలవక గట్టిగా నొక్కిపట్టి చెయ్యి వెనక్కి ఊపగానే బంతి జారి, వెనక కుర్చీల వైపు దబ్బుమని పడుతుంది. అక్కడ కూర్చున్నవాళ్లు కాళ్లు పైకి లాక్కునే వేగం చూస్తే వాళ్లకిది కొత్త కాదని తెలుస్తుంది.

"మామయ్యగారూ, తేలికది తీసుకోండి."

ఈసారి ఎనిమిది పౌన్ల గులాబీ రంగు బంతి. అది పిల్లల కోసం చేసింది, కన్నమూ పిల్లలదే. బొటనవేలు లోపలికి వెళ్తుంది, రావడానికే మొండికేస్తుంది. చెయ్యి ముందుకి వచ్చి, భుజం దాకా లేచాక "ఠప్"మని ఊడుతుంది. బంతి మూడడుగులు గాల్లో ఎగిరి చెక్క మీద దిగితే హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. సరైన కన్నమంటే ఎలా ఉండాలంటే, బొటనవేలు మొదలంటా పెట్టి అటూ ఇటూ తిప్పితే చర్మం రాసుకోవాలి, ముడతపడి ఇరుక్కోకూడదు. బంతిని విసరకూడదు, చీలమండ పక్కనుంచి వెళ్తుండగా దిగవిడవాలి. బరువు దానిదే, అదే పోతుంది.

గాల్లోంచి దిగిన గులాబీ బంతి బద్ధకంగా దొర్లి, పక్క కాలవలో పడి, సగం దారిలో ఆగిపోతుంది. అసలు ప్రమాదం ఇప్పుడు మొదలు. ఫౌల్ లైన్, అంటే ఆడేవాళ్లు దాటకూడని గీత, నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. అందులో సుమారు మొదటి 40 అడుగులకి నూనె రాస్తారు, బంతి ముందు జారి, చివర్లో పొడి చెక్కని పట్టుకుని మలుపు తిరగడానికి. ఆ నూనె కంటికి ఆనదు. మామగారికి చెక్క కనిపిస్తుంది, బంతి కనిపిస్తుంది. "ఇంత దూరం వచ్చి ఒకరిని శ్రమపెట్టడమెందుకు" అని గీత దాటి నడుస్తారు. రెండో అడుగుకి కాళ్లు తలో జిల్లాకి. కూర్చున్న భంగిమలోనే ఇంకో గజం ముందుకి సాగుతారు. ఆ మధ్యాహ్నం ఆ లేన్ మీద అంత తిన్నగా వెళ్లింది ఆయనొక్కరే.

కౌంటర్ మనిషి వచ్చి, రెండు లేన్ల మధ్య చెక్క మీద నడిచి బంతి తెస్తాడు. అది వాళ్ల పనే, పిలిస్తే చాలు. నూనె అంటిన బూట్లు తుడవకుండా మళ్లీ ఆడితే ఇవతల నేల కూడా జారుడుబండే, కాబట్టి అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని మామగారి బూట్లు తుడుస్తాడు. పెళ్లిలో ఆయన అల్లుడి కాళ్లు కడిగిన బాకీ ఇక్కడ చెల్లు.

ఇంత జరిగినా ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చింది స్కోరు దగ్గర. ట్రెజరీలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి. ఇక్కడ స్కోరు పారదర్శక కాగితం మీద మైనపు పెన్సిల్‌తో రాస్తే, ప్రొజెక్టరు దాన్ని లేన్ పైన తెర మీద చూపిస్తుంది. మనవడు ఒక్క బంతికే పదీ పడగొట్టాడు, స్ట్రైక్. తర్వాత 7, ఆపైన 2. ఒక్కో వంతుకి ఒక గడి. అల్లుడు మొదటి గడిలో 19, రెండో గడిలో 28 వేశాడు.

"పదీ ఏడూ రెండూ పంతొమ్మిదే కదా? ఇరవై ఎనిమిది ఎక్కడిది?"

"స్ట్రైక్‌కి తర్వాత రెండు బంతులూ కలుస్తాయి తాతయ్యా. మళ్లీ వాటి గడిలో కూడా వేస్తారు."

"ఒకే పద్దు రెండు చోట్ల!"

వరసగా పన్నెండు స్ట్రైకులు పడితే 300 అని వివరించబోయాడు అల్లుడు. పది గడులు, గడికి పది పిన్నులు, వంద దాటి పైసా కూడా ఎలా వస్తుందని ఆయన. ఇంకో పావుగంటకి ఏడో నంబరు లేన్ పైన తెర మీద, స్కోరు కింద, గుండ్రటి తెలుగు అక్షరాలు వెలిగాయి: "రెండో గడిలోని 9 రెండుసార్లు జమ అయినది. సంజాయిషీ కోరడమైనది."