ఎండ గురించి తప్ప ఇంకేదైనా అడగండి

బెంగళూరులో ఇల్లు అమ్మేసి అనంతపురం వచ్చేశామని చెప్పగానే ఎదుటివారి ముఖంలో ముందు జాలి కనిపిస్తుంది. ఆ వెంటనే ప్రశ్న వస్తుంది. "అంత చల్లటి ఊరు వదిలేసి ఈ ఎండల్లోకా?" బెంగళూరు వాళ్ళు అంటే అనుకోవచ్చు. వాళ్ళలో చాలామందికి అనంతపురం అంటే హైదరాబాదు వెళ్ళే దారిలో టీ తాగడానికి ఆగే చోటు. నాకు కోపం మా ఊరివాళ్ళ మీద. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే పిల్లల పెళ్ళిళ్ళు చేసి, రిటైరయ్యాక ఇక్కడే రెండంతస్తులు కట్టుకున్న మా పెదనాన్న "ఈ ఊళ్ళో మనుషులు ఉంటారా తల్లీ" అన్నాడు. మరి నువ్వెవరు పెదనాన్నా అని ఆయన ముఖం మీద అడగలేకపోయాను. ఇక్కడ అడుగుతున్నాను.

ముందు ఎండ సంగతి తేల్చేద్దాం. ఎండ లేదని నేను అనడం లేదు. మేలో 42 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. అయితే బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, అనంతపురం 350 మీటర్ల లోపే. కిలోమీటరు ఎత్తుకు ఆరు డిగ్రీల పైచిలుకు వేడి తగ్గుతుందని పిల్లల పుస్తకాల్లోనే ఉంటుంది. అంటే రెండు ఊళ్ళ తేడాలో మూడు నాలుగు డిగ్రీలు గట్టు ఎక్కినందుకు దక్కినవే. అందులో ఏ నాయకుడి గొప్పతనమూ లేదు, ఏ బిల్డరు ప్రతిభా లేదు. బిల్డర్లకు చేతనైంది ఆ చల్లదనాన్ని తగ్గించడం, అది మాత్రం శ్రద్ధగా చేశారు. 2016 ఏప్రిల్‌లో ఆ చల్లటి ఊరు 39.2 డిగ్రీలు చూసింది. మేము చేరిన కొత్తలో ఎండాకాలం రాత్రుళ్ళు కూడా దుప్పటి కప్పుకునేవాళ్ళం. చివరికి వచ్చేసరికి మా భవనంలో ఏసీ పెట్టించుకోని ఇల్లు వెతికినా దొరికేది కాదు.

ఇక మన ఎండ స్వభావం వేరు. నైరుతి గాలి తన తడినంతా పడమటి కనుమల్లోనే దించేసుకుని మన దాకా ఉత్త చేతులతో వస్తుంది. ఈశాన్య ఋతుపవనాలు కోస్తాలోనే సగం ఖర్చయిపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో, దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా మనల్ని చెబుతారు. రైతును ముంచిన ఈ పొడితనమే ఇంట్లో కూర్చున్నవాడికి మేలు చేస్తుంది. చెమట పట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ మామూలు కూలర్‌లో నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెడితే గది చల్లబడుతుంది. అదే కూలర్‌ను విజయవాడలో పెట్టి చూడండి, ఉక్కపోతకు ఇంకాస్త తడి తోడవుతుంది. అక్కడి మా ఆడపడుచు ఎండాకాలం ఫోను చేసి నా మీద జాలిపడుతూ ఉంటుంది. మాట్లాడినంతసేపూ ఆమె ముఖం తుడుచుకుంటూనే ఉంటుంది.

ఆషాఢం వచ్చిందంటే ఈ ఊరికి గాలి వస్తుంది. తలుపులు దబదబా కొట్టుకుంటాయి, మిద్దె మీద ఆరేసిన బట్టలు పక్కింటి పిట్టగోడ దాటిపోతాయి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. దీని గురించి ఎవరూ అడగరు. జిల్లాకు ఏడాదంతా మే నెలే అన్నట్టు మాట్లాడతారు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించినప్పుడు దీన్ని చూసుకోవడానికి వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. మంచు దేశం మనిషి. అనంతపురం కేంద్రంగా 1807 దాకా ఉండి, డేరాలు వేసుకుని పల్లె పల్లెకూ తిరిగి భూములు కొలిపించాడు. ఆయనను మెచ్చుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు, ఆ శిస్తుల కథ వేరే ఉంది. కానీ ఏసీ కారు దిగి, ఏసీ షోరూములోకి వెళ్ళి, మధ్యలో ఉన్న పది అడుగులకు "అబ్బా, ఎలా ఉంటారో ఈ ఊళ్ళో" అనే మనవాళ్ళను చూస్తే ఆయన గుర్తొస్తాడు.

ఎండ నిజంగా ఎవరిని చంపుతుందో కూడా చెప్పుకోవాలి. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడగాలికి పోయారు. ముసలివాళ్ళు, పొలం కూలీలు, భవనాల పనివాళ్ళు, రోడ్డు మీద బతికేవాళ్ళు. నాకు సానుభూతి చెబుతున్న వారిలో ఒక్కరూ ఆ జాబితాలో లేరు, ఉండరు. ఉపాధి పనికి పొద్దున్నే వెళ్ళి పదకొండు లోపు తిరిగి వచ్చే మనిషి ఎండ గురించి మాట్లాడితే తల వంచుకుని వింటాను. ఆ మనిషి గురించి మాత్రం వీళ్ళు మాట్లాడరు.

బెంగళూరు ఇంటిని తిట్టి రాలేదు మేము. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాం. పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు. మార్చిలో ఆ ఊరి రోడ్ల మీద గులాబీరంగు పూలతో చెట్లు నిండిపోతాయి, ఆ నెలలో నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళినా బాధపడేదాన్ని కాదు. ఎదురింటి కన్నడ ఆవిడకు, నాకు మధ్య పండుగ వంటలు గిన్నెలు మారడమే కాదు, తాళంచెవులు కూడా మారేవి. ఆ ఇల్లు వదిలేటప్పుడు ఏడ్చాను. అందులో దాచాల్సింది ఏమీ లేదు.

కానీ 2024 ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌లో గడిపి ఉంటే చల్లటి ఊరు అనే మాట ఇంత తేలికగా నోటికి రాదు. ఊరికి తూర్పు అంచున మాలాంటి భవనాలన్నీ బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికేవి. ఆ ఏడాది బోర్లు ఎండిపోయాయి. ట్యాంకరు వాడు చెప్పిందే ధర. తాగునీటితో కారు కడిగితే, మొక్కలకు పోస్తే ఐదు వేల రూపాయలు జరిమానా అని మార్చిలో ఉత్తర్వు వచ్చింది. వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎన్ని బకెట్లు వాడుతున్నారో ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకున్నాం, చదువుకున్నవాళ్ళం. కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల నుంచి, ఐదు వందల మీటర్ల దాకా ఎత్తు ఎక్కి ఆ ఊరికి రావాలి. అంచు ప్రాంతాలకు ఆ నీళ్ళు ఇచ్చే ఐదో దశ ఆ అక్టోబరులో ప్రారంభమైంది. మంచిదే. అప్పటికి మా ఇంట్లో మాటలు వేరే దారి పట్టాయి. అత్తమ్మ అనంతపురంలో ఒంటరిగా ఉంది. మావారికి ఇంటి నుంచి పని చేసుకునే వీలుంది. పెద్దవాడు కాలేజీ హాస్టల్లో చేరిపోయాడు. రెండు వందల కిలోమీటర్ల చిల్లర దూరం, పొద్దున్న బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊరు. లెక్క వేసుకున్నాం, వచ్చేశాం.

సామాను కడుతుంటే మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. ఆమెది కదిరి దగ్గర పల్లె. వేరుశనగ వరుసగా పోయి, బోరు వేసి, ఆ బోరూ ఎండి, అప్పు తీర్చడానికి మొగుడూ పెళ్ళాలు బెంగళూరు చేరారు. "అక్కడ నీళ్ళు వస్తాయా అక్కా?" అంది. మేము ఊరు మారుతున్నామని తెలిసిన ఇంతమందిలో అడగాల్సిన మాట అడిగింది ఆమె ఒక్కతే. ఆమెను ఆ పల్లె నుంచి తరిమింది ఎండ కాదు. ఆమె తాతలు అదే ఎండలో బతికారు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎండను నిందిస్తే ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని ఉండదు. సూర్యుడి మీద అర్జీ పెట్టలేం కదా. నీళ్ళు ఎందుకు రాలేదు, చెట్టు ఎందుకు కొట్టేశారు, డిగ్రీ చదివిన పిల్లవాడు బెంగళూరు రైలు ఎందుకు ఎక్కాడు అంటే ఎవరో ఒకరి పేరు బయటకు వస్తుంది. అందుకని మనకు ఎండ చాలా అనుకూలంగా ఉంది. కరువు, అప్పు, వలస, పాడుబడ్డ చెరువు, అన్నిటినీ ఆ ఒక్క మాట కింద తోసేసి కూలర్ ముందు కూర్చోవచ్చు.

కాబట్టి అడగవలసినవి అడగండి. నీళ్ళ గురించి అడగండి. ఈ పట్టణం తాగే నీళ్ళు పెన్నహోబిలం జలాశయం నుంచి వస్తాయి. దానికి తుంగభద్ర ఎగువ కాలువ ప్రాణం. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి గురించి ఇక్కడ ఎంతమంది మాట్లాడుకున్నారు? శ్రీశైలం వెనుక నుంచి ఎత్తిపోసే హంద్రీ నీవా నీళ్ళు జీడిపల్లి జలాశయానికి వచ్చాయి, మరి పొలాలకు పిల్ల కాలువలు ఎన్ని తవ్వారో అడగండి. ఏడు వందలకు పైగా పల్లెలకు ఫ్లోరైడు లేని నీళ్ళు ఇవ్వడానికి 1990లలో ఒక ఆధ్యాత్మిక సంస్థ, సత్యసాయి ట్రస్టు, పూనుకోవాల్సి వచ్చింది. అది వాళ్ళ గొప్పతనం, ఒప్పుకుంటాను. ప్రభుత్వాలకు అది గొప్ప కాదు.

చిన్నదాని చదువు గురించి అడగండి. అక్కడ కన్నడం చదివింది, ఇక్కడ తెలుగు తప్పనిసరి. అక్షరాలు దగ్గరివే కాబట్టి చదవడం పట్టుబడింది, వత్తులతోనే రోజూ కుస్తీ. ఎండాకాలం ఒంటిపూట బడి అనగానే దానికి ఈ రాష్ట్రం మీద అమాంతం ప్రేమ పుట్టింది. అత్తమ్మకు గుండె నొప్పి వస్తే ఎక్కడికి తీసుకెళ్తారని అడగండి. దానికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు. బెంగళూరు వదిలి వచ్చినందుకు నాకు రాత్రి నిద్ర పట్టకపోతే కారణం అది, మే నెల కాదు.

ఇళ్ళ గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. ఈ ఊళ్ళో కొత్తగా కట్టే ఇల్లు చూస్తే బెంగళూరు నుంచి లారీలో తెచ్చి దించినట్టు ఉంటుంది. పడమటి వైపు నేల నుంచి పైకప్పు దాకా అద్దం. కిటికీ మీద సజ్జ ఉండదు, ఉంటే ముందువైపు అందం చెడుతుందట. పైన ఉత్త స్లాబు. పొద్దంతా ఎండ తాగిన ఆ స్లాబు రాత్రి తెల్లవార్లూ మన మీద కక్కుతుంది. కారు పెట్టడానికి వేపచెట్టు కొట్టేస్తారు, ఆ కారు మీద కప్పడానికి గుడ్డ కొంటారు. తర్వాత మూడు గదుల్లో మూడు ఏసీలు. వాటి వేడి గాలి పక్కింటి కిటికీలోకి. ఆ పక్కింటి వాళ్ళు కూడా ఏసీ కొంటారు. ఇంత చేసి, పాడు ఎండ అంటారు.

తాడిపత్రి దగ్గర మా అవ్వ వాళ్ళది మట్టి మిద్దె. మూరెడు మందం గోడలు, దూలాల మీద పరిచిన కట్టెలు, వాటి మీద మట్టి, ఆ పైన చౌడు. వెలుతురుకు పైన ఒక గవాక్షి. కింద నాపబండలు. మధ్యాహ్నం ఆ బండల మీద చాప కూడా లేకుండా పడుకునేవాళ్ళం. అలాంటి ఇళ్ళకు తిరిగి వెళ్దాం అనే రకం కాదు నేను. వానలకు ముందు ప్రతి ఏడూ మిద్దె మీద చౌడు పోయించాలి, మరిచిపోతే వంటింట్లో ధార. దూలాల సందుల్లో తేళ్ళు ఉండేవి, అవ్వ చెప్పుతో కొట్టిన తేలు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. కానీ అది కట్టిన మేస్త్రీకి పొద్దు ఎటు వాలుతుందో తెలుసు. అది తెలుసుకోవడానికి ఖర్చు లేదు. మా ఇంటికి పడమటి వైపు సజ్జలు పెట్టమంటే ఇప్పటి మేస్త్రీ నవ్వాడు. మిద్దెకు తెల్ల సున్నం కొట్టిస్తుంటే "ఏమిటిది, గుడికి కొట్టినట్టు" అని వీధంతా చూసింది. పైగది వేడి తగ్గాక ఇద్దరు వచ్చి సున్నంలో ఏం కలిపారని అడిగి వెళ్ళారు. ఇది మేము కనిపెట్టింది కాదు. తెలంగాణ 2023లోనే చల్లటి పైకప్పుల కోసం ఒక విధానం తెచ్చింది. వాళ్ళ కంటే మనకే కదా ముందు కావాల్సింది?

ఇంకో గుంపు ఉంది, వాళ్ళకూ ఒక నమస్కారం. మేము వచ్చామని తెలిసి "సొంత నేల పిలిచింది" అని రాస్తున్నవాళ్ళు. నేల ఎవరినీ పిలవలేదండీ, అత్తమ్మ పిలిచింది. రాగి సంగటి ఫొటో పెట్టమని అడుగుతున్నారు. సంగటి బెంగళూరులోనూ తిన్నాం, అక్కడ ముద్ద అంటారు, అంతే. మావారి ఉద్యోగం ఇంటి నుంచి చేసేది కాకపోతే ఏ నేలా మమ్మల్ని తెచ్చేది కాదు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొందరు పిల్లలు ఆగారు, నిజమే. రెండు విశ్వవిద్యాలయాలు, కొత్తగా వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో చదువు పూర్తయిన మిగతా వాళ్ళంతా ఏ రైలు ఎక్కుతున్నారో స్టేషనుకు వెళ్ళి చూడండి.

ప్రస్తుతానికి మా వీధిలో కొందరం కలిసి ఒక అర్జీ రాశాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్ల స్థానంలో ఈ వానాకాలం వేప, కానుగ నాటించాలని, మేకల నుంచి కాపాడే కంచెలు కూడా పెట్టాలని, నీళ్ళు వదిలే వేళలు వీధి మొదట్లో రాసి పెట్టాలని అడుగుతున్నాం. సోమవారం ఇవ్వడానికి వెళ్తున్నాం. "ఈ ఎండలో ఎవరు వస్తారు" అనేవాళ్ళ కోసం తొమ్మిదింటికే పెట్టుకున్నాం. పెదనాన్న సంతకం ఇంకా రాలేదు.