ఇనప పీచు గారికి బదిలీ ఉత్తర్వు

మహారాజశ్రీ ఇనప పీచు గారి సముఖానికి,

గుంటూరు బ్రాడీపేటలోని ఓ వంటింటి చిమ్నీ తరఫున రాయునది.

తమరి ప్రతాపం తెలియంది కాదు. అడుగంటిన పప్పు గిన్నె అయినా, మాడిన పాల గిన్నె అయినా మీరు చెయ్యేస్తే దారికి రావాల్సిందే. అక్కడితో ఆగుంటే శాలువా కప్పేవాళ్ళం. తమరి చూపు చిమ్నీ మీద పడింది.

మా ఊళ్ళో చిమ్నీ బతుకంటే మాటలా? పొద్దున తిరగమోత, మధ్యాహ్నం వేపుడు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు. ఆ నూనె ఆవిరంతా పైకెళ్ళి చల్లారి, దుమ్ముతో కలిసి బంకలా పట్టేస్తుంది. "గట్టిగా తోమితేగానీ పోదమ్మాయ్" అని మా అత్తయ్య అనడమే ఆలస్యం, మీరు రెచ్చిపోయారు. జిడ్డు పోయింది, దాంతోపాటే మెరుపూ పోయింది. ఇప్పుడు లైటు వేస్తే చాలు, పిల్లి గోకినట్టు గీతలు.

అయ్యా, మా చిమ్నీ ఒళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం అనే లోహం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనబడనంత పల్చటి పొర కడుతుంది. తుప్పును ఆపేది అదే. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది, పాపం. మీరు గీకి ఊరుకోరుగా! మీ ఒంటి ఇనప రజను అక్కడే వదిలిపోతారు. తుప్పు పట్టేది ఆ రజను, తిట్లు మాత్రం "డూప్లికేట్ సరుకు అంటగట్టాడు" అని షాపువాడికి. మీ వియ్యంకులు బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఇంకా ఘనులు. వాటిలో ఉండే క్లోరైడ్ అనే ఉప్పు లాంటి పదార్థం తగిలితే స్టీలుకి గుంటలే.

మీరు లేందే పని జరగదా? స్టీలు ఫిల్టర్లు ఊడదీసి, గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్ళలో కాసేపు నానేస్తే జిడ్డు వదులుతుంది. మొండి చోట వంటసోడా ముద్ద, మెత్తటి గుడ్డ. అల్యూమినియం ఫిల్టరైతే సోడా వద్దు, నల్లబడుతుంది. స్టీలు మీది సన్నటి చారలు ఎటుంటే అటే తుడవాలి. చివర్లో పొడిగుడ్డ పెట్టకపోతే బోరు నీళ్ళ తెల్లమచ్చలు ఖాయం. ఇంత చెప్పినా అత్తయ్యకు ఆనలేదు. రెక్కలు నొప్పెట్టకపోతే, చప్పుడు రాకపోతే అదేం శుభ్రం అంటారావిడ.

అందుచేత తమరిని సింకు కిందికి బదిలీ చేయడమైనది. అంట్ల గిన్నెలు చూసుకోండి, హోదా యథాతథం. మళ్ళీ చిమ్నీ వైపు కనబడితే మాత్రం, చెత్తబండి పొద్దున్నే మన గుమ్మం ముందే ఆగుతుంది.

ఇట్లు,
బ్రాడీపేట కోడలు