గర్భంలోని గుండె: ‘నాలుగు గదులు నార్మల్’ అంటే సరిపోదు

అయిదో నెలలో చేసే టిఫా స్కాన్ రిపోర్టులో మెదడు, వెన్నెముక, కిడ్నీల గురించి వివరంగానే రాస్తారు. గుండె దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు కనిపించేది ఒక్క మాటే: ‘నాలుగు గదులు నార్మల్’. అది చదివి తల్లిదండ్రులు కుదుటపడతారు. చాలామంది విషయంలో ఆ నమ్మకం నిజమే అవుతుంది. కానీ నాలుగు గదులూ చక్కగా ఉన్న గుండెలోనే, పుట్టిన రెండు మూడు రోజుల్లో బిడ్డ ప్రాణం మీదికి తెచ్చే లోపం ఉండొచ్చు. గుండె గురించి ఆ ఒక్క మాటతో సరిపెట్టే అలవాటు పోవాలన్నది నా వాదన.

నాలుగు గదులను మామూలు గర్భిణీ స్కాన్‌లోనే చూడాలన్న ఆలోచన 1980ల్లో వచ్చింది. అప్పటికి అది పెద్ద ముందడుగు. ఎడమ జఠరిక (గుండె కింది గది) ఎదగని గుండె, గదుల మధ్య గోడ సరిగా ఏర్పడని గుండె చాలావరకు ఆ దృశ్యంలోనే పట్టుబడతాయి. అయితే గదులతో పాటు వాటి నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులనూ చూడాలి. ఎడమ జఠరిక నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమని, కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు తీసుకెళ్లే పుపుస ధమని బయల్దేరి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోతాయి. కొందరు బిడ్డల్లో ఇవి తారుమారవుతాయి. అప్పుడు ఆ దాటడం ఉండదు, రెండు నాళాలూ పక్కపక్కనే సమాంతరంగా పైకి పోతాయి. నాలుగు గదులు కనబడ్డాక పొట్ట మీద ఆనించే ప్రోబ్‌ను బిడ్డ తల వైపు కాస్త వంచితే ఈ తేడా తెరమీద తెలుస్తుంది. వంచకపోతే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ప్రసూతి అల్ట్రాసౌండ్ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఎస్‌యూఓజీ 2013 మార్గదర్శకాల్లోనే ధమనులు బయల్దేరే చోటును ప్రాథమిక పరీక్షలో చేర్చింది.

ఇంత పెద్ద లోపం ఉన్నా కడుపులో బిడ్డ హాయిగా ఎలా పెరుగుతుంది? అక్కడ ఊపిరితిత్తులకు పని లేదు. ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. రెండు కర్ణికల (గుండె పై గదుల) మధ్య ఒక సహజమైన కిటికీ, రెండు ధమనులను కలుపుతూ ఒక చిన్న నాళం తెరిచే ఉంటాయి కాబట్టి రక్తానికి దారి దొరుకుతుంది. పుట్టాక బొడ్డుతాడు తెగుతుంది, ఆ నాళం రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. అంతవరకూ మామూలుగానే ఉన్నట్టు కనిపించిన బిడ్డ ఒక్కసారిగా నీలంగా మారిపోవచ్చు. ఆ సమయానికి గుండె వైద్యం దొరికే చోటు గంటల ప్రయాణం దూరంలో ఉంటే పరిస్థితి చేయి దాటుతుంది.

సంగతి ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించుకోవచ్చు. స్కాన్ ఇచ్చే అసలు మేలు అదే. ప్రోస్టాగ్లాండిన్ మందుతో ఆ నాళాన్ని తెరిచి ఉంచవచ్చు, అవసరమైతే బెలూన్‌తో కర్ణికల మధ్య కిటికీని పెద్దది చేయవచ్చు. తర్వాత, సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోపే, ధమనులను సరైన చోటికి మార్చే ఆపరేషన్ చేస్తారు. పారిస్ వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనం దీన్ని కళ్లకు కట్టింది. ధమనులు తారుమారైనట్టు పుట్టాక తెలిసిన 250 మంది శిశువుల్లో 15 మంది ఆపరేషన్ దాకా రాకుండానే చనిపోయారు. గర్భంలోనే గుర్తించిన 68 మందిలో ఒక్కరూ అలా చనిపోలేదు.

పుట్టే ప్రతి 1000 మందిలో సుమారు 8 మందికి గుండె లోపం ఉంటుంది. వారిలో దాదాపు నాలుగో వంతు మందివి తీవ్రమైన లోపాలు. తల్లికి మధుమేహం ఉన్నా, కుటుంబంలో ఇలాంటి లోపాలు ఉన్నా గర్భంలోని బిడ్డ గుండెను వివరంగా చూసే ఫీటల్ ఎకో స్కాన్‌కు పంపుతారు. అది అవసరమే. కానీ లోపంతో పుట్టే బిడ్డల్లో ఎక్కువమంది తల్లులకు అలాంటి ముప్పు కారణాలేవీ ఉండవు. వాళ్లను పట్టుకోవాల్సింది ఈ మామూలు స్కానే.

ఇరవై వారాల గుండె సుమారు 2 సెంటీమీటర్లు, నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటుంటుంది. బిడ్డ వీపు పైకి తిప్పి పడుకుంటే వెన్నెముక నీడ గుండె మీద పడుతుంది. తల్లి పొట్ట మందంగా ఉంటే బొమ్మ మసకబారుతుంది. ఇవి ఎవరి తప్పూ కావు. అలాంటప్పుడు ‘ధమనులు స్పష్టంగా కనిపించలేదు, మళ్లీ రండి’ అని రాయడమే నిజాయితీ. అలా రాయడానికి స్కాన్ చేసేవారికి తీరిక ఉండాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. బయట వరుస పెరుగుతుంటే చూడనిదాన్ని చూసినట్టు రాసే ఒత్తిడి ఎవరికైనా వస్తుంది. కృత్రిమ మేధ ఈ పనిలో సాయపడుతుందని నేనూ నమ్ముతున్నాను. కానీ ప్రోబ్ చేరని చోటును సాఫ్ట్‌వేర్ చూడలేదు.

ఎంత బాగా చేసినా స్కాన్‌కు హద్దులున్నాయి. కర్ణికల మధ్య కిటికీ, ధమనులను కలిపే నాళం గర్భంలో ఎలాగూ తెరిచే ఉంటాయి కాబట్టి, అవి పుట్టాక మూసుకుంటాయో లేదో ముందే చెప్పలేం. జఠరికల మధ్య చిన్న రంధ్రాలు తప్పించుకుంటాయి, బృహద్ధమని సన్నబడటం కూడా తరచూ దొరకదు. అందుకే పుట్టిన మర్నాడు కుడి చేతికి, కాలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూడటం మానకూడదు. నొప్పి లేదు, కొన్ని నిమిషాల పని.

లోపం దొరికిన రోజు ఆ తల్లికి ఏం చెబుతారన్నది కూడా పరీక్షలో భాగమే. ‘గుండెలో ఏదో తేడా ఉంది’ అని కారిడార్‌లో చెప్పి పంపేస్తే, ఆ రాత్రి ఆమె ఫోన్‌లో వెతుక్కునేది అన్నిటికన్నా భయంకరమైన సమాధానమే. కొన్ని లోపాలు వాటంతటవే మానిపోతాయి, కొన్ని ఒక్క ఆపరేషన్‌తో సరవుతాయి, కొన్నిటికి జీవితాంతం వైద్యం కావాలి. ఆమె బిడ్డది వీటిలో ఏదో చెప్పగలిగేది పిల్లల గుండె వైద్యుడు. జన్యు పరీక్ష అవసరమా, కాన్పు ఎక్కడ, ఆపరేషన్ ఎప్పుడు అన్నవి కూడా అక్కడే తేలాలి. స్కాన్ గది నుంచి ఆ వైద్యుడి దగ్గరికి చేరడానికి ఆమెకు వారాలు కాదు, రోజులే పట్టాలి. ఆ అపాయింట్‌మెంట్ ఇప్పించే బాధ్యత లోపాన్ని గుర్తించిన చోటే తీసుకోవాలి.