ముక్కు సర్జరీ: ఎంత మిగిల్చారో కాగితం మీద పెట్టండి

ముక్కు సర్జరీకి వెళ్లేవాళ్లు డాక్టర్‌ని మొదట అడిగేది ‘ఎంత తగ్గిస్తారు’ అని. అడగాల్సింది ‘ఎంత మిగులుస్తారు’ అని. ఈమధ్య కాస్మెటిక్ క్లినిక్‌ల ప్రకటనల్లో ‘ప్రిజర్వేషన్’ (ఉన్నదాన్ని తెంచకుండా కాపాడడం), ‘స్ట్రక్చరల్’ (తెగినచోట ఆధారం కట్టి నిలబెట్టడం) అన్న మాటలు తెగ కనిపిస్తున్నాయి. వాటి వెనకున్న సిద్ధాంతంతో పేచీ లేదు, అది నూటికి నూరు పాళ్లూ సరైనదే. ప్రకటనలో ఉన్న ఆ సిద్ధాంతం డిశ్చార్జ్ కాగితాల్లో ఎక్కడా ఉండదు. అసలు పేచీ దానితోనే.

పాత పద్ధతి సంగతి తెలిసిందే. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ వేసిన బాటలో దశాబ్దాల పాటు ముక్కు సర్జరీ అంటే తగ్గించడమే. పైన ఉన్న బొడిపెను చెక్కేయడం, రెండు పక్కల ఎముకలు కోసి దగ్గరికి నొక్కడం, కొన దగ్గర మృదులాస్థిని (కార్టిలేజ్‌ని) కత్తిరించడం. ఆరు నెలలకు ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి.

ఆ చిక్కులు పుట్టే చోటు ముక్కు నడిమి భాగం. ముక్కులో పై మూడో వంతు ఎముక, కింద అంతా మృదులాస్థి. రెండూ కలిసే చోట ఎముక అంచు మృదులాస్థి మీదికి కొన్ని మిల్లీమీటర్లు ఎక్కి కూర్చుంటుంది. సర్జన్లు దాన్ని కీస్టోన్ అంటారు. అక్కడే రెండు పక్కల మృదులాస్థులు, ముక్కు రంధ్రాలను విడదీసే మధ్య గోడ పై అంచు కలిసి ఇంగ్లిష్ ‘టీ’ అక్షరంలా ఒకే ముక్కగా ఉంటాయి. మధ్య గోడకూ పక్క మృదులాస్థికీ మధ్య కోణం 10 నుంచి 15 డిగ్రీలు. ఇంటర్నల్ వాల్వ్ అనేది ఇదే, గాలి దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు. బొడిపె చెక్కినప్పుడు ఆ ‘టీ’ తల తెగిపోతుంది. పట్టు పోయిన పక్క మృదులాస్థులు మెల్లగా లోపలికి జారుతాయి. గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, ముక్కు నడుమ చప్పున నొక్కుకుపోతుంది. చర్మం బిగుసుకునే కొద్దీ ఎముక కింది అంచు తిరగేసిన ‘వీ’లా బయటికి తేలుతుంది. ఇదంతా బయటపడడానికి ఏళ్లు పట్టవచ్చు.

దీనికి స్ట్రక్చరల్ పద్ధతి చెప్పిన విరుగుడు స్ప్రెడర్ గ్రాఫ్ట్, అంటే వాల్వ్‌ను వెడల్పు చేయడానికి అతికే ముక్క. అమెరికన్ సర్జన్ జాక్ షీన్ 1984లో వివరించాడు. మధ్య గోడలోంచే తీసిన మృదులాస్థిని 3 నుంచి 5 మి.మీ. వెడల్పు, 1 నుంచి 2 మి.మీ. మందం, రెండు సెంటీమీటర్ల పైచిలుకు పొడవున్న పట్టీలుగా కోసి, మధ్య గోడ పై అంచుకు అటొకటి ఇటొకటి పెట్టి, పక్క మృదులాస్థులతో కలిపి కుడతారు. తెగిన ‘టీ’ తల మళ్లీ వెడల్పవుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. అయితే మధ్య గోడ అడిగినంత ఇచ్చే గని కాదు. పైన, ముందు కనీసం 10 మి.మీ. చొప్పున ‘ఎల్’ ఆకారంలో వదలాలి. జాగ్రత్తపరులు 15 వదులుతారు. ఆ ‘ఎల్’ మూలను కూడా చదరంగా కాకుండా గుండ్రంగా కోయాలి, లేకపోతే భారమంతా ఆ మూల మీద పడి చిట్లుతుంది. అది చిట్లితే ముక్కు నడుమ జీను వేసినట్టు కుంగుతుంది.

ప్రిజర్వేషన్ ఇంకో అడుగు ముందుకేసి, అసలు ఆ ‘టీ’ తలను ఎందుకు తెంచాలి అంటుంది. బొడిపెను ముట్టుకోరు. దాని కింద మధ్య గోడలోంచి బొడిపె ఎత్తుకు తగ్గ పట్టీని తీస్తారు. పక్క ఎముకలను కిందుగా, ముక్కు మొదలును అడ్డంగా కోసి, పైకప్పు మొత్తాన్ని కిందికి దించుతారు. బొడిపె 4 మి.మీ. లోపు ఉంటే ఎముకలను లోపలికి జార్చవచ్చు. అంతకు మించితే పక్కన సన్నటి ఎముక ముక్కను తీసేయాలి, లేదంటే లోపలికి జారిన ఎముకే గాలికి అడ్డం పడుతుంది. కీస్టోన్ చెక్కుచెదరదు.

ఇది పాత సారా కొత్త సీసా అనేవాళ్లున్నారు. నిజమే, అమెరికన్ సర్జన్ గుడేల్ 1899లోనే చేశాడు, తర్వాత లోత్రాప్, కాటిల్ చేశారు. 2018లో ఫ్రాన్స్ సర్జన్ ఈవ్ సాబాన్ మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. దించిన కప్పు కొందరిలో కొంచెం పైకి లేచి బొడిపె తిరిగొస్తుందన్నదీ నిజమే. బాగా వంకర పోయిన ముక్కులకు, ఇదివరకే కోత పడ్డ ముక్కులకు అంతగా నప్పదు. కానీ తిరిగొచ్చిన చిన్న బొడిపెను అరగదీయడం చిన్న పని. కుంగిన ముక్కును లేపాలంటే ఆధారం కోసం పక్కటెముక కోయాలి.

తగ్గించడం కన్నా మిగల్చడం ముఖ్యమన్న ఈ వాదన మన దగ్గర ఇంకా బలంగా నిలబడుతుంది. కోటేరు ముక్కులు మనలో ఉన్నా, మందపాటి చర్మం, మెత్తటి కొన, తక్కువ ఎత్తున్న ముక్కులూ చాలానే. చప్పిడి ముక్కులో దించడానికి ఏముంది? అక్కడ ‘ప్రిజర్వేషన్’ బోర్డు చూపించి అమ్మేది ఒట్టి మాట. కావాల్సింది కొనకు ఆధారం, అంటే మధ్య గోడకు కుట్టి ముందుకు పొడిగించే మృదులాస్థి గ్రాఫ్ట్. పైగా మందపాటి చర్మం లోపల తగ్గించినంతా కుదించుకోదు. ఖాళీలో మచ్చ కణజాలం నిండి, కొన పైభాగం చిలుక ముక్కులా ఉబ్బుతుంది. వాపు పూర్తిగా దిగడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మూడో నెల ఫొటోకు విలువెంత? పెళ్లి ముహూర్తం మూడు నెలల్లో ఉందని వచ్చినవాళ్లను వెనక్కి పంపని డాక్టర్‌ని నేనైతే నమ్మను.

సరే, తేడా కొట్టిందనుకుందాం. రెండో సర్జరీ మొదటిదానంత సులువు కాదు. మధ్య గోడ ఖాళీ అయి ఉంటుంది. చెవి మృదులాస్థి వంపు తిరిగి ఉంటుంది, పైగా మెత్తన. ఇక మిగిలేది ఆరో ఏడో పక్కటెముక. ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే ప్రమాదం కొద్దిగా ఉంది, అమర్చిన ముక్క వంకర పోయే ప్రమాదం అంతకంటే ఎక్కువ. ఇన్ని చిక్కుల మధ్య రెండో సర్జన్ చేతిలో ఏముంటుంది? ‘జనరల్ అనస్థీషియాలో రైనోప్లాస్టీ చేయబడినది’ అన్న ఒక్క వాక్యం.

ఇది ఒక్క ముక్కు గొడవ కాదు, మన ఆస్పత్రుల రికార్డుల గొడవ. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం ఇన్-పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచితే చాలు. కూలడానికి మూడేళ్లకు పైనే తీసుకోగల ముక్కుకు మూడేళ్ల రికార్డు దేనికి? శరీరంలో శాశ్వత మార్పు చేసే ఏ ఆపరేషన్‌కైనా పూర్తి ఆపరేషన్ నోట్ పేషెంటు సొత్తు కావాలి, అడక్కుండానే ఇవ్వాలి. క్లినిక్ మూతపడినా, డాక్టర్ ఊరు మారినా అది ఇంట్లో బీరువాలో ఉండాలి.

ముక్కు విషయంలో ఆ నోట్‌లో ఉండాల్సినవి ఒక పేజీకి మించవు: పైన, ముందు ‘ఎల్’ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, కీస్టోన్‌ను తెరిచారా లేదా, ఎముకలు ఎక్కడెక్కడ కోశారు, ఏ గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీసి ఏ కొలతతో ఎక్కడ కుట్టారు, కరిగే దారమా కరగనిదా, సిలికాన్ లాంటిది పెడితే దాని కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు. రాయడానికి పది నిమిషాలు చాలు. అదే నియమావళి ప్రకారం రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి ముక్కు మీది స్ప్లింట్ (గట్టి కట్టు) తీయించుకోవడానికి వారం తర్వాత వెళ్లేటప్పుడు రాతపూర్వకంగా ఓ దరఖాస్తు వెంట తీసుకెళ్లండి, అందినట్టు తేదీతో సంతకం చేయించుకోండి.